కంప్యూటర్‌కు కరెంటు కాపలా

యూపీఎస్ కొనడానికి షాపుకెళ్లినవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎంతసేపు వస్తుందండీ?" షాపతను "ఇరవై నిమిషాలు వస్తుంది సార్" అంటాడు. బేరం అక్కడితో కుదిరిపోతుంది. ఇరవై నిమిషాలు ముఖ్యమే, కాదనను. కానీ ఇంట్లో కంప్యూటర్‌ను పాడుచేసే కరెంటు బాధల్లో నిమిషాల్లో కొలిచేవి కొన్నే. కొన్ని సెకనులో లక్షో వంతులో వచ్చి పోతాయి. కొన్ని సెకనులో వందో వంతు ఉంటాయి. మరికొన్ని లైన్‌మన్ వచ్చి సరిచేసేదాకా వదలవు. ఒక్కో వ్యవధికి ఒక్కో మందు ఉంది, ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. ఈ సంగతి తెలియక స్పైక్ గార్డ్ ఒకటి తగిలించి, కంప్యూటర్‌కు ఇక ఢోకా లేదనుకునే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అందుకే ఏ పరికరం ఎంత వ్యవధిలో పనిచేస్తుందో చూసి కొనాలని నా వాదన.

ముందు కరెంటు కంప్యూటర్ లోపలికి ఎలా వెళ్తుందో చూద్దాం. గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరిగేది. లోపలి బోర్డుకు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డీసీ. ఈ మార్పు చేసేది ఎస్‌ఎంపీఎస్ అనే రేకు డబ్బా. అది వచ్చిన ఏసీని ముందు డీసీగా మార్చి, ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుకుంటుంది. 230 అనేది ఒక రకమైన సగటు లెక్క. అల శిఖరం దగ్గర అది 325 వోల్టులు ఉంటుంది. అందుకే ఆ కెపాసిటర్ ఒంటి మీద 400 అనో 450 అనో వోల్టేజ్ హద్దు అచ్చువేసి ఉంటుంది. ఆ ఒక్క అంకెలో ఈ వ్యాసంలో సగం ఉంది.

కెపాసిటర్‌లో నిల్వ ఉన్న శక్తితో, కరెంటు పోయాక కూడా ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు బండి లాగుతుంది. లోడు తక్కువగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. అంటే బల్బు ఒక్కసారి రెప్పకొట్టినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోవాలని లేదు. అలాగే లో వోల్టేజ్‌కు కూడా ఇది మనం అనుకున్నంత భయపడదు. లాప్‌టాప్ అడాప్టర్ వెనక చదవండి, 100 నుంచి 240 అని ఉంటుంది. సాయంత్రం వోల్టేజ్ పడిపోయి ఫ్యాన్ నీరసంగా తిరుగుతున్నప్పుడు ఇబ్బంది పడేవి ఫ్రిజ్, బోరు మోటారు లాంటివి. అడాప్టర్‌కు అదేమీ పట్టదు. డెస్క్‌టాప్‌లో చవక ఎస్‌ఎంపీఎస్ అయితే 180 దగ్గర చేతులెత్తేసి ఆగిపోవచ్చు గానీ, కాలిపోదు. కంప్యూటర్‌కు అసలు శత్రువు లో వోల్టేజ్ కాదు, హై వోల్టేజ్.

ఆ హై వోల్టేజ్ మన ఊళ్లలో ఎక్కువ నష్టం చేసేది న్యూట్రల్ తెగినప్పుడు. ఈదురుగాలికి కొమ్మ విరిగి లైను మీద పడ్డా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జాయింటు వదులై మాడినా ఇదే జరుగుతుంది. వీధిలోకి వచ్చేవి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, ఉమ్మడిగా న్యూట్రల్ వెళ్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. న్యూట్రల్ ఉన్నంతకాలం ఎవరి 230 వాళ్లది. అది తెగిందా, వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపినట్టయి, ఆ 400ను పంచుకోవలసి వస్తుంది. ఆ పంపకం సమానంగా ఉండదు. ఏసీ, గీజరు నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టులు వస్తాయి, లైట్లు మసకబారతాయి. రెండు బల్బులు, ఒక కంప్యూటర్ మాత్రమే వేసుకున్న ఇంటికి 300, 350, ఒక్కోసారి దాదాపు 400 దాకా వెళ్తుంది. తక్కువ వాడుకునే ఇంటికే ఎక్కువ దెబ్బ! 400 వోల్టుల ఏసీ శిఖరం 565. హద్దు 450 అని రాసిన కెపాసిటర్ అక్కడ ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. టప్‌మని పేలి, గదంతా మాడువాసన వస్తుంది.

బల్బులు ఉన్నట్టుండి కళ్లు చెదిరేలా వెలిగాయంటే, పక్కింట్లో అదే సమయానికి మసకబారాయంటే ఆలోచించకుండా మెయిన్ ఆపేయాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పని చేసే పరికరం ఒకటుంది: ఓవర్ అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. మీటరు తర్వాత, మెయిన్ బోర్డులో ఎంసీబీల పక్కన కూర్చుంటుంది. ముందు భాగంలో వోల్టేజ్ అంకెల్లో కనిపిస్తుంటుంది. 270కో, మనం పెట్టిన ఇంకో హద్దుకో దాటగానే ఇంటి సరఫరా మొత్తం తెంపేసి, మామూలు స్థితికి వచ్చి కాసేపు నిలకడగా ఉన్నాకే తిరిగి కలుపుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా వెంటనే కలపకుండా కొంత ఆగుతుంది; లైను తిరిగొచ్చిన తొలి క్షణాల్లో వీధిలోని ఫ్రిజ్‌లు, మోటార్లన్నీ ఒక్కసారి లేచే గందరగోళం ఇంట్లోకి రాదు. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అన్నింటికీ ఒకేసారి కాపలా. కంప్యూటర్ రక్షణ కోసం మొదట దేని మీద డబ్బు పెట్టాలని ఎవరడిగినా నేను దీని పేరే చెబుతాను. ఆశ్చర్యంగా, కంప్యూటర్ షాపులో దీన్ని అమ్మరు. ఎలక్ట్రికల్ షాపులో అడగాలి, ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాలి.

ఇక స్పైక్ గార్డ్. ఇది చూసుకునే వ్యవధి పూర్తిగా వేరు. పిడుగు ఎక్కడో దగ్గర్లో పడ్డప్పుడు, సబ్‌స్టేషన్‌లో స్విచ్ వేసినప్పుడు తీగల్లో వోల్టేజ్ వేలల్లోకి ఎగిరి, మైక్రోసెకన్లలో దిగిపోతుంది. ఈ పోటునే సర్జ్ అంటారు. ప్రయోగశాలల్లో ఈ పరికరాలను పరీక్షించే కరెంటు కెరటం 8 మైక్రోసెకన్లలో లేచి 20 మైక్రోసెకన్లకల్లా సగానికి పడిపోతుంది. దీన్ని ఆపడానికి రిలేకు గానీ ఫ్యూజుకు గానీ తీరిక ఉండదు. ఆ పని చేసేది మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్ అనే చిన్న బిళ్ల. జపాన్‌లో మత్సుషితా కంపెనీలో మిచియో మత్సుఒకా 1960ల చివర్లో దీన్ని అభివృద్ధి చేశారు. జింక్ ఆక్సైడ్ పొడిని ఇంకొన్ని ఆక్సైడ్లతో కలిపి, అదిమి, కాల్చి తయారుచేస్తారు. రేణువుకూ రేణువుకూ మధ్య సరిహద్దు సుమారు 3 వోల్టుల దాకా కరెంటును అడ్డుకుంటుంది, ఆ పైన దారి వదిలేస్తుంది. అలాంటి సరిహద్దులు ఎన్ని వరసగా ఉంటే బిళ్లకు అంత హద్దు.

చెరువుకు అలుగు ఎలాగో తీగకు ఈ బిళ్ల అలాగ. నీటిమట్టం అలుగు దాటనంతసేపు అక్కడ అలుగున్నట్టే తెలియదు. వరద వస్తే మిగులు నీళ్లు దాని మీంచి దూకి కట్ట నిలుస్తుంది. అలుగు దూకిన నీళ్లు పోవడానికి వాగు కావాలి. తీగకు ఆ వాగు ఎర్తింగ్. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చే పోటును ఆ రెంటి మధ్య ఉన్న బిళ్ల చూసుకుంటుంది. కానీ పిడుగుపాటుకు ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి పైకి లేస్తే, ఆ పోటు భూమిలోకే దిగాలి. ఎర్త్ లేని ఇంట్లో ఆ రెండో పని చేయాల్సిన బిళ్లలు ఉన్నా లేనట్టే.

పాడైపోయిన స్పైక్ గార్డ్ ఒకటి ఇంట్లో పడి ఉంటే, ప్లగ్గు తీసేసి, వెనక మరలు విప్పి చూడండి. రూపాయి బిళ్లంత, చాలావరకు నీలం రంగులో, రెండు కాళ్లతో ఒక వస్తువు కనిపించాలి. దాని మీద 14డీ 431 లాంటి అంకెలుంటాయి. 14 అంటే బిళ్ల వ్యాసం మిల్లీమీటర్లలో. 431 అంటే 43 పక్కన ఒక సున్నా, అంటే 430 వోల్టుల దగ్గర బిళ్ల కరెంటు వదలడం మొదలుపెడుతుందని. 275 వోల్టుల ఏసీ దాకా దీన్ని నిరంతరంగా వాడొచ్చు. పోటు వచ్చినప్పుడు ఇది వోల్టేజ్‌ను 700 చుట్టుపక్కల పట్టి ఆపుతుంది. 700 ఎక్కువ కదా అనిపిస్తుంది గానీ, కొన్ని మైక్రోసెకన్లపాటు ఆ మాత్రం ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుంది. బిళ్ల పెద్దదైతే ఎక్కువ కరెంటును మింగుతుంది. 20 మిల్లీమీటర్లదైతే వేల ఆంపియర్లను ఆ రెప్పపాటులో దాటిస్తుంది. మంచి గార్డ్‌లో మూడు బిళ్లలుంటాయి: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ జంటలకు ఒక్కొక్కటి. కొన్నింటిలో ఒకటే ఉంటుంది. కొన్నింటిని విప్పితే ఎర్ర దీపం, ఫ్యూజు, ఇత్తడి పట్టీలు తప్ప ఇంకేమీ ఉండవు. వాటి పేరు ఏదైనా అవి ఎక్స్‌టెన్షన్ బాక్సులే. కొనేముందు విప్పి చూడలేం కాబట్టి డబ్బా మీద జూళ్లు, గరిష్ఠ సర్జ్ కరెంటు, క్లాంపింగ్ వోల్టేజ్ అనే మూడు అంకెల కోసం వెతకండి. ఒక్కటీ లేకపోతే దాన్ని రక్షణగా లెక్కేయొద్దు.

ఈ బిళ్లకు ఉన్న బలహీనతే చాలామందికి తెలియనిది. పోటు మైక్రోసెకన్లలో ముగిసిపోవాలి. న్యూట్రల్ తెగి 350 వోల్టులు నిమిషాల తరబడి నిలబడితే బిళ్ల ప్రతి అలకూ కరెంటు వదులుతూ, వేడెక్కి, మాడిపోతుంది. వేడికి తెగే ఫ్యూజు పక్కన లేకపోతే మంటలు కూడా రావచ్చు. కాబట్టి స్పైక్ గార్డ్ హై వోల్టేజ్‌కు మందు కాదు, హై వోల్టేజ్‌కు తొలి బలి అదే. పైగా తట్టుకున్న ప్రతి పెద్ద పోటుకూ బిళ్ల కొంత అరిగిపోతుంది. జూళ్ల అంకె చెప్పేది ఆ ఆయుష్షు గురించే. 'ప్రొటెక్టెడ్' దీపం వెలగడం ఆగితే ప్లగ్గులు పనిచేస్తున్నా ఆ గార్డ్ పని అయిపోయినట్టే. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు మెయిన్ బోర్డులోనే టైప్ 2 సర్జ్ ప్రొటెక్షన్ డివైజ్ పెట్టించుకోవచ్చు. అప్పుడు పోటులో పెద్ద భాగం బోర్డు దగ్గరే దిగిపోయి, గదిలోని గార్డ్‌కు చిన్న భాగమే మిగులుతుంది.

ఎర్తింగ్ సంగతికి రావాలి, ఎందుకంటే అసలు తగువంతా అక్కడే ఉంది. వట్టికాళ్లతో నిలబడి కంప్యూటర్ క్యాబినెట్ రేకు మీద వేలు ఆనిస్తే జిల్లుమంటుందా? మన ఇళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. "కొద్దిగా షాక్ కొడుతుందిలే, దానికలా అలవాటే" అని వదిలేస్తారు. దానికి కారణం ఎస్‌ఎంపీఎస్ చెడిపోవడం కాదు. దాని ముంగిట్లో రేడియో చప్పుళ్లను వడకట్టే రెండు చిన్న కెపాసిటర్లుంటాయి, ఒకటి ఫేజు నుంచి రేకుకు, ఇంకొకటి న్యూట్రల్ నుంచి రేకుకు. రేకు ఎర్త్‌కు కలిసి ఉంటే వాటి గుండా వచ్చే అతి స్వల్ప కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే రేకు ఫేజుకూ న్యూట్రల్‌కూ నట్టనడుమ, సుమారు 115 వోల్టుల దగ్గర, తేలుతూ ఉంటుంది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగమే గనుక ప్రాణానికి ముప్పులేదు. కానీ ఆ జిల్లు మీకొక కబురు: మీ ప్లగ్గులో మూడో రంధ్రం వెనక తీగ లేదు, లేదా ఆ తీగ చివర భూమి లేదు. అలాంటి ప్లగ్గుకు ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ తగిలించినా సగం డబ్బు వృథా. పైగా రేపు నిజంగానే ఫేజు వైరు రేకుకు తగిలితే, తెగాల్సిన ఫ్యూజు తెగదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గులో ఎర్త్ చూపించమని అడగండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే, ఫేజు–న్యూట్రల్ మధ్య ఎంత వెలుగు వస్తుందో అంతే రావాలి. కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా తెంపే ఆర్‌సీసీబీ ఇంట్లో ఉంటే అది టక్కున పడిపోవాలి, అదీ మంచి సూచనే. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు వేసి పాతిన జీఐ పైపు ఎండాకాలం నేల ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. నీళ్లు పోస్తూ ఉండాలి. పైపుకు బిగించిన తీగ తుప్పుపట్టి ఊడిపోయి ఉండటం కూడా మామూలే. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కొందరు ఖర్చు తప్పించుకోవడానికి సాకెట్టులోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు ముడివేస్తారు. టెస్ట్ ల్యాంప్ చక్కగా వెలుగుతుంది, జిల్లు పోతుంది. కానీ న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లోని రేకు వస్తువులన్నింటి మీదికీ 230 వోల్టులు వచ్చేస్తాయి. అలా చేయనివ్వకండి, చేసి ఉంటే వెంటనే విప్పించండి.

పిడుగు నేరుగా ఇంటి మీదో, ఇంటికొచ్చే లైను మీదో పడితే పైన చెప్పిన పరికరాలేవీ ఆపలేవు. మామూలు పిడుగులోనే 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. దానికున్న ఒకే మందు ప్లగ్గు పీకేయడం. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ తెంపేది ఫేజును మాత్రమే, న్యూట్రల్ కలిసే ఉంటుంది. పైగా మేఘం నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదానికి స్విచ్‌లో ఉండే మిల్లీమీటర్ల సందు ఒక అడ్డు కాదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. పది కిలోమీటర్ల దూరంలో ఉండగానే పీకేయాలి. నెత్తి మీద మెరుస్తున్నప్పుడు ప్లగ్గుల దగ్గరికి వెళ్లడం మనకే ప్రమాదం. పుణెలోని ఐఐటీఎం శాస్త్రజ్ఞులు తయారుచేసిన దామిని యాప్ మన చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపించి ముందే హెచ్చరిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పడితే ఒకసారి దాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

పీకేటప్పుడు జనం మరచిపోయేది ఇంటర్నెట్ తీగను. గాజుతో చేసిన ఫైబర్‌లో విద్యుత్తు పారదు, అది మేలే; అయితే బయట వేలాడే ఫైబర్ కేబుల్‌కు బలం కోసం జతచేసిన ఉక్కు తీగ ఉండవచ్చు, దాన్ని ఇంట్లోకి రానివ్వకుండా బయటే కత్తిరించాలి. అసలు ప్రమాదం మేడల మీదుగా లాగిన రాగి లాన్ వైరుతో. ఆపరేటర్ పెట్టె ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండి, వీధి దాటించి మనింటికి వైరు లాగితే, ఆ వైరు దగ్గర్లో పడే ప్రతి పిడుగుకూ స్పందిస్తుంది. యూపీఎస్, స్పైక్ గార్డ్ అన్నీ ఉన్నా మదర్‌బోర్డు మీది లాన్ పోర్టు కాలిపోయిందంటే పోటు ఆ దారినే వచ్చి ఉంటుంది. అలాంటి ఇళ్లలో వైఫై వాడటం మంచిది. పోతే రౌటరే పోతుంది, కంప్యూటర్ మిగులుతుంది.

ఇప్పుడు మిల్లీసెకన్ల లెక్క. కరెంటు పోయిన సంగతి గమనించి, బ్యాటరీ మీదికి మారడానికి మామూలు యూపీఎస్‌కు 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ 16 దాకా ఓపిక పడుతుందని చెప్పుకున్నాం. యూపీఎస్ వ్యాపారమంతా ఈ రెండంకెల మధ్య తేడా మీదే నడుస్తోంది. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి లైన్ ఇంటరాక్టివ్ రకం. వీటిలో చిన్న స్టెబిలైజర్ కూడా ఉంటుంది. వోల్టేజ్ తగ్గినప్పుడల్లా లోపల రిలే టక్కుమనే చప్పుడు దానిదే. సుమారు 145 నుంచి 290 వోల్టుల దాకా బ్యాటరీ జోలికి పోకుండా నెట్టుకొస్తాయి. ఆన్‌లైన్ యూపీఎస్‌లు వచ్చిన ఏసీని ఎప్పుడూ డీసీగా, మళ్లీ ఏసీగా మార్చే ఇస్తాయి, బ్యాటరీ ఆ డీసీకి కలిసే ఉంటుంది కాబట్టి మారడమన్న మాటే లేదు. కానీ ఖరీదు, ఫ్యాన్ చప్పుడు, వేడి అన్నీ ఎక్కువ. ఇంటికి అనవసరం.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 600 వీఏ అంకెను పక్కనపెట్టి, చిన్న అక్షరాల్లో ఉన్న వాట్ల అంకె చదవండి. చాలావరకు 360 ఉంటుంది. మీ వాడకం దానిలో మూడింట రెండు వంతులకు మించకూడదు. మామూలు డెస్క్‌టాప్ 80 వాట్లు, ఎల్‌ఈడీ మానిటర్ 25, మోడెమ్ 10, మొత్తం 115 అనుకుందాం. 600 వీఏ సరిపోతుంది. లోపలుండేది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. కాగితం మీద 115 వాట్లకు 44 నిమిషాలు రావాలి. వచ్చేది అందులో సగం కూడా ఉండదు, పదిహేనో ఇరవయ్యో. మోసమేమీ లేదు. ఆ 7 అన్న అంకె బ్యాటరీని 20 గంటలపాటు నిదానంగా ఖాళీ చేసినప్పటిది. ఇక్కడ ఒక్కసారిగా పది ఆంపియర్లకు పైగా లాగుతాం. అంత వేగంగా లాగితే సీసం పలకల మీది రసాయన చర్య అందుకోలేక, బ్యాటరీ ముందే చేతులెత్తేస్తుంది. ఏసీగా మార్చడంలో ఇంకొంత వేడిగా పోతుంది. ఇదే లెక్క తిరగేస్తే మంచి వార్త కూడా ఉంది: రెండు బ్యాటరీలుండే 1000 వీఏ రకం తీసుకుంటే వచ్చే సమయం రెట్టింపు కాదు, అంతకన్నా ఎక్కువే. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఏ యూపీఎస్‌కూ తగిలించొద్దు. అచ్చు వేసే ప్రతిసారీ అది లోపలి రోలరును వేడిచేయడానికి వందల వాట్లు ఒక్క గుటకలో లాగుతుంది.

గేములకూ వీడియో ఎడిటింగ్‌కూ వాడే పెద్ద మెషిన్లకు ఇంకో చిక్కుంది. చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది నున్నని అల కాదు, మెట్లు మెట్లుగా ఉండే అల. డబ్బా మీద 'సిమ్యులేటెడ్ సైన్ వేవ్' అంటే అర్థం ఇదే. మామూలు ఎస్‌ఎంపీఎస్‌కు అది చాలు. 80 ప్లస్ ముద్ర ఉన్నవాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. అది అల ఆకారాన్ని అనుసరించి కరెంటు తీసుకుంటుంది కాబట్టి, మెట్టు దగ్గర ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. యూపీఎస్ దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని, సరిగ్గా కరెంటు పోయిన క్షణానే ఆగిపోవచ్చు. అన్ని జంటలకూ ఇలా జరగదు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు ప్యూర్ సైన్ వేవ్ రకానికి వెళ్లడమే నయం.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, మళ్లీ యూపీఎస్ ఎందుకు?" అన్నది న్యాయమైన ప్రశ్న. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్‌లో 1800 వాట్ అవర్లుంటాయి, యూపీఎస్ దాని ముందు ఏపాటిది? ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమైతే, దాని మీద యూపీఎస్, ఎకో అని రాసి ఉన్న చిన్న స్విచ్ కోసం చూడండి. ఎకోలో ఉంటే చాలా తక్కువ వోల్టేజ్ దాకా మెయిన్స్ మీదే నడిచి, నింపాదిగా మారుతుంది. ఈలోగా కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. యూపీఎస్ వైపు పెడితే సుమారు 180 నుంచి 260 మధ్యే మెయిన్స్‌ను ఒప్పుకుని, త్వరగా మారుతుంది. స్విచ్ అలా పెట్టి, పనులన్నీ సేవ్ చేసి, కంప్యూటర్ నడుస్తుండగా మెయిన్ ఆపి చూడండి. నాలుగైదుసార్లు చేసినా కంప్యూటర్ నిలబడితే వేరే యూపీఎస్ కొనక్కర్లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దానికి యూపీఎస్ తగిలించినా గొడవే. ఆ అలను యూపీఎస్ చెడ్డ కరెంటుగా లెక్కగట్టి, ఇన్వర్టర్ నడుస్తుండగానే తన బ్యాటరీ ఖాళీ చేసుకుంటుంది. ఇంటి మీద కొత్తగా సోలార్ పెట్టించుకున్నవాళ్లు కూడా గమనించాలి. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను బాగుచేస్తున్న మనిషికి మన మేడ మీది కరెంటు తగలకుండా కావాలనే అలా తయారుచేశారు. ఎంత ఎండ కాసినా అది బ్యాకప్ కాదు.

ఇంతకూ ఆ పదిహేను నిమిషాలు దేనికి? పని కొనసాగించడానికి కాదు, పద్ధతిగా ఆపడానికి. హార్డ్ డిస్కు మీదో ఎస్ఎస్‌డీ మీదో రాత మధ్యలో ఉండగా కరెంటు పోతే మనం టైపు చేస్తున్న ఫైలు ఒక్కటే కాదు, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టిక కూడా దెబ్బతినవచ్చు. ఇప్పటి ఫైల్ సిస్టమ్‌లు తాము చేయబోయే మార్పులను ముందే చిట్టాలో రాసుకుని చాలావరకు కోలుకుంటాయి, కానీ అవి కాపాడేది పట్టికనే. మీరు సేవ్ చేయని పేజీలు తిరిగి రావు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిసే యూపీఎస్ అయితే, మీరు ఇంట్లో లేకపోయినా బ్యాటరీ తగ్గగానే కంప్యూటర్ దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. కాస్త ధర ఎక్కువైనా ఈ సదుపాయం ఉన్నదే తీసుకోవాలని నా సలహా. ఇంటి నుంచి లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు బ్యాటరీ అందులోనే ఉంది. వాళ్లకు కావలసింది రౌటర్‌ను నిలబెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్. డీసీ నుంచి డీసీకే వెళ్తుంది కాబట్టి చిన్న లిథియం సెల్స్‌తోనే గంటల తరబడి నడుస్తుంది.

గంటలు కాదు, రోజులు పోయే సందర్భాలూ ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరంలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ వ్యవధికి ఇంట్లో పెట్టుకోగలిగే యూపీఎస్ ఏదీ లేదు. తుపాను హెచ్చరిక రాగానే ముఖ్యమైన ఫైళ్లు బయటి డిస్కులోకి ఎక్కించుకుని, కంప్యూటర్ ప్లగ్గులు పీకేసి, నేల మీంచి ఎత్తైన చోటికి మార్చుకోవాలి.

మిగిలింది బ్యాటరీ పోషణ. యూపీఎస్‌లోని సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి తయారీదారు చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల వేడికి లెక్కగట్టినది. ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో ఖమ్మంలోనో రెంటచింతలలోనో మేడ మీది గదిలో, కంప్యూటర్ బల్ల కింద, గోడకు ఆనించి పెట్టిన యూపీఎస్ లోపల వేడి ఎంతుంటుందో ఊహించండి. నాలుగేళ్లు రావలసింది రెండేళ్లకే పోతుంది. దాన్ని ఎండ పడని చోట, నాలుగు వైపులా గాలి ఆడేలా ఉంచాలి. కోత తర్వాత పూర్తిగా నిండడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి, కంప్యూటర్ ఆపినా యూపీఎస్ ప్లగ్గు స్విచ్ ఆపకండి. రెండు మూడు నెలలకోసారి పని సేవ్ చేసి, గోడ స్విచ్ ఆపి ఎన్ని నిమిషాలు వస్తుందో గడియారం చూసుకోండి. అయిదు నిమిషాలకు పడిపోయిందంటే బ్యాటరీ మార్చే వేళ. డొక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే అంతదాకా కూడా ఆగొద్దు. మొత్తం యూపీఎస్ మార్చనక్కర్లేదు, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ విడిగా దొరుకుతుంది. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు. పాతదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు, అందులో ఉన్నది సీసం, గంధకామ్లం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చేయండి, సీసానికి విలువ ఉంది కాబట్టి ధరలో ఎంతో కొంత తగ్గిస్తారు కూడా.